అబూ సలేం అప్పగింత: ఒక హామీ కాగితం, పాతికేళ్ల లెక్క

మన దగ్గర ఒక చైన్ స్నాచర్ పట్టుబడితే వారం తిరక్కుండా నాలుగు స్టేషన్ల వాళ్లు పీటీ వారెంట్లు (జైల్లో ఉన్నవాణ్ని తమ కేసులో హాజరుపరచమనే ఉత్తర్వులు) పట్టుకుని కోర్టు వరండాలో నిలబడతారు. ఒక కేసులో రిమాండ్‌లో ఉన్నవాణ్ని పక్క స్టేషన్ వాళ్లు తమ కేసులో చూపించుకుంటారు, వాళ్ల తర్వాత ఇంకో జిల్లా వాళ్లు వస్తారు. మనిషి ఎలాగూ లోపలే ఉన్నాడు కాబట్టి పాత లెక్కలన్నీ ఒకేసారి తేల్చేసుకోవడం మా క్రిమినల్ కోర్టుల్లో రోజూ జరిగేదే. ఎవరికీ అందులో తప్పు కనిపించదు. చట్టం దృష్టిలో కూడా తప్పు లేదు.

ఈ మధ్య ఒక ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశారు. విదేశం నుంచి ఒక నిందితుణ్ని రప్పించే ప్రయత్నం నడుస్తోంది. "సార్, ఒక్క కేసులో తెచ్చేస్తే చాలు కదా, వచ్చాక మిగతా మూడింట్లో పీటీ వేసేస్తాం" అన్నారు. ఆగండి, ముందు ముంబై గ్యాంగ్‌స్టర్ అబూ సలేం కేసు తీర్పులు చదవండి అన్నాను. "అంత పెద్ద కేసుతో మనకేం పని సార్?" అని నవ్వారు. ఆయన కోసం రాసుకున్న నోట్సే కాస్త పెరిగి ఇలా తయారైంది. ఈ కేసులో నేను ఏ పక్షానా హాజరు కాలేదు. తీర్పులు చదివి, ఈ పనిలో ఉన్నవాడిగా నాకు తోచింది రాస్తున్నాను.

కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1993 మార్చి 12న బొంబాయిలో వరుస పేలుళ్లు జరిగాయి. 257 మంది చనిపోయారు, 713 మంది గాయపడ్డారు. గుజరాత్ నుంచి ఆయుధాలు బొంబాయికి చేరవేయడంలో సలేం పాత్ర ఉందన్నది ప్రాసిక్యూషన్ కేసు. పేలుళ్ల తర్వాత మనిషి దేశం దాటాడు. 1995 మార్చి 7న జరిగిన బిల్డర్ ప్రదీప్ జైన్ హత్యతో పాటు మరికొన్ని కేసుల్లోనూ అతని పేరుంది. చివరికి 2002 సెప్టెంబర్ 18న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో దొరికాడు. వెంట నటి మోనికా బేడీ ఉంది. చేతిలో మారుపేరుతో పాకిస్తాన్ పాస్‌పోర్టు. ఇంటర్‌పోల్ రెడ్ కార్నర్ నోటీసు అప్పటికే ఉంది.

ఇక్కడే మొదటి చిక్కు. పోర్చుగల్‌తో మనకు అప్పటికి అప్పగింత ఒప్పందం లేదు. ఒప్పందం లేకపోతే మనిషిని అడగలేమని చాలామంది లాయర్లే అనుకుంటారు. అడగొచ్చు. మేం మీకు ఇస్తాం, మీరు మాకు ఇవ్వండి అనే పరస్పర మాట మీద అడగొచ్చు. ఇద్దరూ సంతకం చేసిన అంతర్జాతీయ ఒడంబడిక ఏదైనా ఉంటే దాన్ని ఆధారం చేసుకోవచ్చు. మన ప్రభుత్వం రెండు దారులూ వాడింది. ఉగ్రవాద బాంబు దాడుల అణచివేతకు ఐక్యరాజ్య సమితి 1997లో తెచ్చిన ఒడంబడికను చూపించింది. 1962 నాటి మన అప్పగింత చట్టం పోర్చుగల్‌కు వర్తిస్తుందని 2002 డిసెంబర్ 13న సెక్షన్ 3(1) కింద గెజిట్ నోటిఫికేషన్ ఇచ్చింది. మనిషి దొరికిన మూడు నెలల్లో ఇంత పని జరగడం, మన ఆఫీసుల వేగం తెలిసినవాడిగా చెబుతున్నాను, చిన్న విషయం కాదు.

రెండో చిక్కు పోర్చుగల్ చట్టం. పౌర నేరాలకు మరణశిక్షను ఆ దేశం 1867లోనే తీసేసింది. యావజ్జీవ శిక్ష కూడా అక్కడ లేదు. ఎంత పెద్ద నేరమైనా గరిష్ఠంగా 25 ఏళ్లు. ఉరి పడే అవకాశం ఉన్న దేశానికి మనిషిని అప్పగించడానికి వాళ్ల రాజ్యాంగం ఒప్పుకోదు. యావజ్జీవం పడే అవకాశం ఉంటే గ్యారంటీలు కావాలంటుంది. మన దగ్గర అప్పట్లో ఉగ్రవాద నిరోధక చట్టం టాడా సెక్షన్ 3(2)కీ, హత్యకు వర్తించే ఐపీసీ 302కీ ఉరి ఉంది, యావజ్జీవం ఉంది.

అందుకే 2002 డిసెంబర్ 17న అప్పటి ఉప ప్రధాని ఎల్.కె. ఆద్వానీ సంతకంతో ఒక హామీ వెళ్లింది. సారాంశం రెండు ముక్కలు: సలేంకు మరణశిక్ష పడదు, 25 ఏళ్లకు మించి జైలు ఉండదు. తర్వాత 2003 మేలో లిస్బన్‌లోని మన రాయబారి మరో హామీ ఇచ్చారు. ఏ నేరాలకైతే అడుగుతున్నామో వాటికి తప్ప వేరే వాటికి విచారించం, మూడో దేశానికి అప్పగించం అని.

ఈ హామీ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. కేసంతా అందులోనే ఉంది. మరణశిక్ష లేదన్న ముక్కకు మన చట్టమే వెన్నుదన్ను. అప్పగింత చట్టంలో 1993 సవరణతో వచ్చిన సెక్షన్ 34సి ఏమంటుందంటే, అప్పగించిన దేశంలో ఆ నేరానికి మరణశిక్ష లేకపోతే ఇక్కడ కూడా యావజ్జీవమే వేయాలి. అది ట్రయల్ జడ్జిని కట్టిపడేస్తుంది. ఎవరూ ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. కానీ 25 ఏళ్లకు మించదన్న రెండో ముక్కకు ఏ సెక్షనూ లేదు. అది ప్రభుత్వం ఇచ్చిన మాట మాత్రమే. శిక్ష వేసేది ప్రభుత్వం కాదు, కోర్టు. మాట ఇచ్చింది ఒకరు, శిక్ష రాసేది మరొకరు. ఒకే వాక్యంలో పక్కపక్కనే ఉన్న రెండు ముక్కల మధ్య ఇంత తేడా ఉంది. ఆ రోజు ఆ ముసాయిదా రాసినవాళ్లకు ఇది తెలియదని నేననుకోను. మనిషి కావాలి కాబట్టి రాశారు. ఆ స్థానంలో ఉంటే నేనూ అదే రాసేవాణ్ని.

పోర్చుగల్‌లో కేసు మంత్రి ఉత్తర్వుతో మొదలై కింది నుంచి పైదాకా అన్ని కోర్టులూ తిరిగింది. లిస్బన్ అప్పీలు కోర్టు 2004 జులైలో, అక్కడి సుప్రీంకోర్టు 2005 జనవరిలో అప్పగింతకు సరేనన్నాయి. ఈలోగా తప్పుడు పత్రాల వంటి నేరాలకు సలేం అక్కడే నాలుగున్నరేళ్ల శిక్ష అనుభవిస్తున్నాడు. 2005 నవంబర్ 11న అతన్నీ మోనికా బేడీనీ ముంబైకి తీసుకొచ్చారు.

మన తెలుగువాళ్లకు ఈ కేసుతో సంబంధం కర్నూలు దగ్గర ఉంది. వీళ్లిద్దరికీ, సలేం భార్యకూ కర్నూలు చిరునామాలతో, మారుపేర్లతో పాస్‌పోర్టులు వచ్చాయి. సికింద్రాబాద్ పాస్‌పోర్టు ఆఫీసు నుంచి జారీ అయ్యాయి. మోనికా బేడీ పేరు అందులో సనా మాలిక్ కమాల్. సీబీఐ కేసు పెట్టింది. వెరిఫికేషన్ చేసిన స్థానిక పోలీసు సిబ్బంది, బట్వాడా చేసిన పోస్ట్‌మాన్ కూడా నిందితులయ్యారు. వందలమందిని బలిగొన్న ముఠాల కథలో చివరికి ఒక చిన్న ఊరి వీధిలో ఇల్లు చూడకుండా పెట్టిన సంతకం కూడా ఒక ఎవిడెన్సే. వెరిఫికేషన్ సంతకాలు అంత తేలిగ్గా పెట్టేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఈ కేసు గుర్తొస్తుంది.

మోనికా బేడీకి 2006లో హైదరాబాద్ సీబీఐ కోర్టు అయిదేళ్లు వేసింది. హైకోర్టు మూడేళ్లకు తగ్గించింది. 2010 నవంబర్‌లో సుప్రీంకోర్టు నేరనిర్ధారణను ఉంచి, అప్పటికే జైల్లో గడిపిన కాలం చాలంది. అక్కడ ఆమె వేసిన వాదన అప్పగింత కేసులు చేసేవాళ్లందరూ చదవాల్సింది. పోర్చుగల్‌లో నకిలీ పాస్‌పోర్టుకు శిక్ష పడింది, మళ్లీ అదే పాస్‌పోర్టుకు ఇక్కడ శిక్షేమిటి, ఒకే నేరానికి రెండుసార్లు శిక్షించకూడదనే రాజ్యాంగం 20(2) ఉంది కదా అని. కోర్టు ఒప్పుకోలేదు. అక్కడి నేరం ఆ పత్రాన్ని దగ్గరుంచుకోవడం, వాడటం. ఇక్కడి నేరం కుట్ర చేసి, మోసంతో దాన్ని సంపాదించడం. కాగితం ఒకటే, నేరాలు రెండు. సలేంకు కూడా ఇదే వ్యవహారంలో 2013లో హైదరాబాద్ సీబీఐ కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది.

ఇప్పుడు ముంబైకి వద్దాం. 2006 మార్చిలో టాడా కోర్టు సలేం మీద చార్జీలు ఖరారు చేసింది. పోర్చుగల్ అప్పగింత ఉత్తర్వులో ఉన్నవే కాకుండా, టాడా 5, 6 సెక్షన్లు, ఆయుధాల చట్టం, పేలుడు పదార్థాల చట్టం కింద మరికొన్ని చార్జీలు చేరాయి. మా ఇన్‌స్పెక్టర్ గారి పీటీ వారెంట్ ఆలోచన సరిగ్గా ఇక్కడ అడ్డం తిరుగుతుంది.

అప్పగింత చట్టంలో స్పెషాలిటీ సూత్రం అని ఒకటుంది. ఏ నేరం చెప్పి మనిషిని తెచ్చుకున్నామో ఆ నేరానికే విచారించాలి. కొత్తది కాదు. 1886లో అమెరికా సుప్రీంకోర్టు రాషర్ కేసులో ఇదే చెప్పింది. ఓడలో ఒకణ్ని చంపాడని బ్రిటన్ నుంచి తెచ్చి, చివరికి నావికుణ్ని క్రూరంగా హింసించాడన్న వేరే నేరానికి శిక్ష వేస్తే ఒప్పుకోలేదు. మన సుప్రీంకోర్టు 2001లో దయాసింగ్ లాహోరియా కేసులో ఇదే మాట స్పష్టంగా చెప్పింది. అతన్ని 1997లో అమెరికా నుంచి రప్పించారు. అప్పగింత ఉత్తర్వులో లేని కేసుల్లో విచారించకూడదంది కోర్టు. మన చట్టంలో ఇది సెక్షన్ 21. దాని ప్రకారం మూడు దారులే ఉన్నాయి. అప్పగించిన నేరానికి విచారించవచ్చు. అప్పగింత కోసం చూపించిన వాస్తవాల్లోంచే బయటపడే, దానికంటే తక్కువ నేరానికి విచారించవచ్చు. లేదా ఆ దేశం ఒప్పుకున్న నేరానికి విచారించవచ్చు. ఇవేవీ కాకపోతే మనిషికి తిరిగి వెళ్లే అవకాశం ఇచ్చాకే.

సలేం సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2010 సెప్టెంబర్ 10న జస్టిస్ పి. సదాశివం, జస్టిస్ ఎ.కె. గంగూలీ తీర్పు ఇచ్చారు. అదనపు చార్జీలన్నీ అప్పగించిన నేరాలకంటే తక్కువ శిక్ష ఉన్నవేనని, పోర్చుగల్ ముందు పెట్టిన వాస్తవాల్లోంచి వచ్చినవేనని, కాబట్టి సెక్షన్ 21 రెండో దారిలో సరిపోతాయని చెప్పారు. ఇక్కడ ఒక సున్నితమైన విషయం ఉంది. అప్పటి సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 222లో 'మైనర్ అఫెన్స్' అంటే పెద్ద నేరంలో అంతర్భాగంగా ఉండే చిన్న నేరం. సెక్షన్ 21లో ఉన్న మాట 'లెస్సర్'. రెండూ ఒకటి కావని కోర్టు తేల్చింది. అంతర్భాగం కానక్కర్లేదు, శిక్ష తక్కువైతే చాలు. ట్రయల్ కోర్టులో చార్జీల మీద వాదించేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

మన చట్టాన్ని చదివితే ఈ తీర్పు సరైనదే. నా అభ్యంతరం వేరే చోట ఉంది. సెక్షన్ 21 మనల్ని కట్టేస్తుంది కానీ పోర్చుగల్ కోర్టును కట్టేయదు కదా! వాళ్లకు వాళ్ల ఉత్తర్వే కొలబద్ద. మూడో దారి, అంటే పోర్చుగల్‌ను అడిగి ఒప్పుకోలు తెచ్చుకునే దారి, తెరిచే ఉంది. చార్జీలు పెట్టకముందే ఆ దారిలో వెళ్లి ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదని నా అభిప్రాయం.

జరిగిందేమిటంటే, సలేం తరఫు లాయర్లు లిస్బన్‌లో పిటిషన్ వేశారు. భారత్ షరతు తప్పింది కాబట్టి అప్పగింతే రద్దు చేయమన్నారు. 2011 సెప్టెంబర్‌లో అక్కడి అప్పీలు కోర్టు ఆ మాట నిజమేనంది. 2012లో పైకోర్టుల్లోనూ మనకు ఊరట దొరకలేదు. అయినా మనిషి ముంబై జైల్లోనే ఉన్నాడు. పోర్చుగల్ కోర్టు ఉత్తర్వుతో ముంబైలో తాళం తెరుచుకోదు. కానీ రేపు ఇంకో దేశాన్ని ఇంకో మనిషి కోసం అడిగినప్పుడు ఎదుటి లాయరు బల్ల మీద పెట్టే మొదటి కాగితం ఇదే.

అది మన ప్రభుత్వానికీ తెలుసు. సుప్రీంకోర్టులో గెలిచిన చార్జీలనే వెనక్కి తీసుకుంటామని సీబీఐ మళ్లీ అదే కోర్టుకు వెళ్లింది. 2013 ఆగస్టు 5న అనుమతి దొరికింది. అదే సందర్భంలో సలేం మొత్తం విచారణే కొట్టేయమన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. విదేశీ కోర్టు తీర్పు మన కోర్టుల్ని కట్టిపడేయదు, కాకపోతే కోర్టుల మధ్య ఉండాల్సిన మర్యాద ఉంటుంది అని చెప్పింది. 2010లో గెలిచి 2013లో వదులుకున్న ఆ చార్జీల కోసం ఖర్చయిన కాలం చూస్తే నాకు మండుతుంది. వాటివల్ల శిక్షలో రవ్వంత తేడా కూడా వచ్చేది కాదు. సలేం మీద టాడా 3(2), కుట్ర ఎలాగూ ఉన్నాయి.

నా చేతికొచ్చిన ఫైలు ఒకటి చెబితే ఇది ఇంకాస్త తెలుస్తుంది. ఒక చిట్‌ఫండ్ మోసంలో డిపాజిటర్ల తరఫున పనిచేశాను. యజమాని విదేశానికి పోయాడు. స్టేషన్ నుంచి అప్పగింత ప్రతిపాదన కదిలింది. పంపిన రోజుకు ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నది మోసం (420), నమ్మకద్రోహం (406) సెక్షన్లు మాత్రమే. తర్వాత నెలకు సెక్షన్ ఆల్టరేషన్ మెమో వేసి డిపాజిటర్ల రక్షణ చట్టం సెక్షన్ చేర్చారు. పైకి వెళ్లిన ఫైలులో ఆ మెమో లేదు. ఎవరూ పంపలేదు. ఆ కేసులో అసలైన బలం ఆ సెక్షనే. ఇంకో తమాషా, పంచనామా తెలుగులో ఉంది, దాని అనువాదం ఎవరో హడావిడిగా చేశారు. 'చీటీ పాడుకున్న సభ్యుడు' అన్నది 'పాట పాడిన సభ్యుడు' అయింది. ఆ కాగితం చదివిన విదేశీ అధికారి ఏమనుకున్నాడో ఊహించుకోండి! ఫైలు ప్రశ్నలతో తిరిగొచ్చింది. ఎనిమిది నెలలు పోయాయి. డిపాజిటర్లలో ఒక పెద్దాయన ప్రతి సోమవారం ఆఫీసుకు వచ్చి "వాడు వచ్చాడా బాబూ" అని అడిగేవారు.

అందుకే ప్రతిపాదన పంపే ముందు చార్జిషీట్ ఎలా ఉండబోతోందో కూర్చుని రాసుకోమని చెబుతాను. ఏ సెక్షన్లు కావాలో ఆరోజే తేలాలి. విదేశీ కోర్టు సెక్షన్ నంబర్లు చూడదు. ఏం జరిగింది, అది మా దేశంలో కూడా నేరమేనా అని చూస్తుంది. కాబట్టి ఆయుధం ఎవరి చేతిలో ఉంది, డబ్బు ఏ ఖాతాలోంచి ఏ ఖాతాకు పోయింది అన్నవి కథలా, తేదీలతో ఉండాలి. వాస్తవం ప్రతిపాదనలో ఉంటే 'తక్కువ నేరం' దారి కొంతైనా మిగులుతుంది. లేకపోతే ఏమీ మిగలదు.

హామీలు కూడా ఈ రోజుల్లో పెరిగాయి. 2000 నాటి క్రికెట్ మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో సంజీవ్ చావ్లాను బ్రిటన్ నుంచి 2020 ఫిబ్రవరిలో తెచ్చారు. అతన్ని తీహార్ జైల్లో ఎలా ఉంచుతారో ఒకటికి రెండుసార్లు రాసివ్వాల్సి వచ్చింది. రాసివ్వడం ఢిల్లీలో జరుగుతుంది, నిలబెట్టుకోవడం జైలు సూపరింటెండెంట్ చేతిలో ఉంటుంది.

మళ్లీ సలేం దగ్గరకు. ప్రదీప్ జైన్ హత్య కేసులో 2015 ఫిబ్రవరిలో యావజ్జీవం పడింది. పేలుళ్ల కేసులో 2017 జూన్ 16న దోషిగా తేలాడు, సెప్టెంబర్ 7న యావజ్జీవం పడింది. అదే రోజు అదే కోర్టు హాల్లో సహనిందితులు తాహిర్ మర్చంట్‌కు, ఫిరోజ్ ఖాన్‌కు ఉరిశిక్ష పడింది. సలేంకు ఉరి వేసే వీలే లేదు. హామీలో మొదటి ముక్క ఏ గొడవా లేకుండా నెరవేరింది.

రెండో ముక్క అలా కాదు. యావజ్జీవం అంటే మన సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పినట్టు బతికున్నంత కాలం. 25 ఏళ్ల హామీ ఉన్నప్పుడు యావజ్జీవం ఎలా వేస్తారని సలేం అడిగాడు. ప్రభుత్వం ఇచ్చిన హామీ కోర్టును కట్టిపడేయదన్నది ఎదుటివాళ్ల జవాబు. రెండూ నిజమే. 2022 జులై 11న జస్టిస్ ఎస్.కె. కౌల్, జస్టిస్ ఎం.ఎం. సుందరేశ్ ఈ ముడిని విప్పిన పద్ధతి నాకు నచ్చింది. శిక్షను ముట్టుకోలేదు. యావజ్జీవం యావజ్జీవంగానే ఉంది. కానీ మాట ఇచ్చింది ప్రభుత్వం కాబట్టి, 25 ఏళ్లు నిండిన నెలలోపు రాజ్యాంగం 72 కింద శిక్ష తగ్గించమని రాష్ట్రపతికి సలహా ఇవ్వాలని, లేదా సీఆర్‌పీసీ 432, 433 కింద ఉన్న శిక్ష తగ్గించే అధికారాన్ని ప్రభుత్వమే వాడాలని చెప్పారు. కోర్టు తన హద్దులో ఉంది, ప్రభుత్వం తన మాటకు కట్టుబడి ఉంది.

మరి 25 ఏళ్లు ఎప్పటి నుంచి? లిస్బన్‌లో పట్టుబడ్డ 2002 సెప్టెంబర్ 18 నుంచి లెక్కించాలన్నాడు సలేం. అక్కడ గడిపిన కాలం అక్కడి శిక్ష కోసం, మన కేసు కోసం కాదంది కోర్టు. సీఆర్‌పీసీ 428 కింద విచారణ ఖైదును శిక్షలోంచి మినహాయించుకునే సెట్-ఆఫ్ కూడా దానికి వర్తించదంది. పోర్చుగల్ శిక్ష నుంచి షరతులతో విడుదలైన 2005 అక్టోబర్ 12నుంచి లెక్క మొదలవుతుందని తేల్చింది. మూడేళ్లకు పైగా అతని లెక్కలోంచి పోయాయి.

2025లో ఇంకో లెక్కతో బాంబే హైకోర్టుకు వెళ్లాడు. సత్ప్రవర్తనకు వచ్చే రెమిషన్ (శిక్ష తగ్గింపు) రోజులు కలిపితే 25 ఏళ్లు ఇప్పటికే నిండాయని. ప్రాథమికంగా చూస్తే నిండలేదంటూ కోర్టు మధ్యంతర ఉపశమనం ఇవ్వలేదు. ఆలోచిస్తే ఇది తేలికైన ప్రశ్నేమీ కాదు. హామీలో ఉన్నది '25 ఏళ్లకు మించని జైలు'. అది గరిష్ఠ పరిమితి మాత్రమేనా, లేక దాన్నే శిక్షగా తీసుకుని అందులోంచి రెమిషన్ తీసేయాలా? పోర్చుగల్‌కు పంపిన కాగితంలో ఒక్క మాట ఎక్కువ రాసి ఉంటే ఈ పిటిషనే ఉండేది కాదు. యావజ్జీవానికి రెమిషన్ లెక్క వేయడం మన జైలు మాన్యువల్స్‌లో ఎలాగూ ఒక పెద్ద తలనొప్పి. దాన్ని హామీ కాగితంలోకి లాగితే తలనొప్పి రెట్టింపవుతుంది.

భారత్, పోర్చుగల్ 2007లో అప్పగింత ఒప్పందం మీద సంతకాలు చేశాయి. సలేం వచ్చిన తర్వాత.

ఇన్‌స్పెక్టర్ గారికి ఇదంతా పంపాను. రెండు రోజులకు ఫోన్ వచ్చింది. "సార్, మూడు కేసుల కేస్ డైరీ ఫైళ్లూ తెప్పించాను, నాలుగూ కలిపి ఒకే ప్రతిపాదనగా పంపుతున్నాం. అనువాదం ఈసారి మీరే ఒకసారి చూస్తారా?" చూస్తానన్నాను. ఫీజు మాట ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

ఇక సలేం తేదీ. సుప్రీంకోర్టు లెక్కన 25 ఏళ్లు 2030 అక్టోబర్‌లో నిండుతాయి. కేంద్ర హోం కార్యదర్శి కోర్టుకిచ్చిన అఫిడవిట్‌లో ఉన్న తేదీ 2030 నవంబర్ 10. రెండింటికీ మధ్య ఉన్న ఆ నాలుగు వారాలకు కోర్టు ఇచ్చిన నెల గడువు దాదాపు సరిగ్గా సరిపోతుంది.